అప్‌డేట్ తర్వాత తెర నల్లబడితే, శబ్దం ఆగిపోతే: లినక్స్ ల్యాప్‌టాప్‌లో లోపాన్ని వెతికే క్రమం

ఎండాకాలం సెలవుల్లో, అనంతపురంలో మా వీధి చివర ఉండే ఇంజనీరింగ్ మూడో సంవత్సరం అబ్బాయి ఒకడు ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. “అన్నా, రాత్రి అప్‌డేట్ చేస్తా ఉంటే కరెంటు పాయెన్నా. మళ్లీ ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా అయిపోయింది. రెండు మూడు సార్లు ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఎట్లో వచ్చింది గానీ అక్షరాలు ఇంతింత లావున్నాయి, సౌండ్ అసల్లేదు. బజార్లో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందంటాండారు” అన్నాడు. మదర్‌బోర్డుకు ఏమీ కాలేదు. ముసలి బ్యాటరీ కరెంటు పోయిన వెంటనే చేతులెత్తేయడంతో కొత్త కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రధాన భాగం) అమరిక సగంలో ఆగిపోయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరకు బొమ్మ పంపే చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఆ కెర్నెల్‌కు తగినట్లు తయారు కాలేదు, ధ్వని డ్రైవర్లున్న ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్ మూట) పూర్తిగా కుదురుకోలేదు. తెర, శబ్దం రెండూ వేర్వేరు జబ్బులుగా కనిపించినా వేరు ఒక్కటే. నలభై నిమిషాల్లో రెండూ బాగయ్యాయి.

ఇలాంటి సమయంలో చాలామంది చేసే పని మొత్తం తుడిచేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం. అలా చేసి ప్రాజెక్టు ఫైళ్లను పోగొట్టుకున్న పిల్లలను చూశాను కాబట్టే ఈ మార్గదర్శిని ఇంత వివరంగా రాస్తున్నాను. ఇందులోని క్రమం ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వాడేవారిని దృష్టిలో పెట్టుకున్నది. ఫెడోరాలో ప్యాకేజీల పేర్లు, వాటిని తెచ్చే ఆదేశాలు మారతాయి గానీ వెతికే పద్ధతి మారదు.

ఆదేశాలను ఇక్కడ పలికే తీరులోనే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో (ఆదేశాలు కొట్టే కిటికీలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ప్రత్యేకంగా చెప్పాను. చిన్న గీతలు, కింది గీతలు, ఏటవాలు గీతలు ఎక్కడ కనిపిస్తే అక్కడ అలాగే ఉంచాలి.

చెయ్యి పెట్టే ముందు

ఛార్జర్ తగిలించి పెట్టండి. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి బ్యాటరీ కనీసం సగానికి పైగా నిండి ఉన్నప్పుడే కెర్నెల్‌కూ గ్రాఫిక్స్‌కూ సంబంధించిన పనులు మొదలుపెట్టాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు ఆ రోజు డేటా ఎంత మిగిలి ఉందో చూసుకోవాలి, ఎందుకంటే ఎన్‌విడియా (గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ) డ్రైవర్ ప్యాకేజీలు వందల మెగాబైట్లు ఉంటాయి. డౌన్‌లోడ్ మధ్యలో ఆగితే పెద్ద నష్టం లేదు, తర్వాత మళ్లీ మొదలవుతుంది. డౌన్‌లోడ్ అయిపోయి అమరిక జరుగుతున్నప్పుడు యంత్రం ఆగిపోవడమే ప్రమాదం.

తెర ఏదో ఒక రూపంలో కనిపిస్తూ ఉంటే, ముఖ్యమైన ఫైళ్లను ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తిపెట్టండి. ఆ తర్వాత ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ప్రతి అడుగులో ఏమి మార్చారో, దాని తర్వాత ఏమైందో రాసుకోవాలి. ఒకేసారి మూడు చిట్కాలు ప్రయోగించి, వాటిలో ఏది పనిచేసిందో తెలియక, నెల తర్వాత అదే సమస్య తిరిగొస్తే మళ్లీ మొదటికి రావడం నేను అనుభవించాను. ఒకసారికి ఒకే మార్పు చేయండి.

పాత కెర్నెల్‌తో మొదటి పరీక్ష

నా అనుభవంలో ఇంతకంటే విలువైన పరీక్ష మరొకటి లేదు, అందుకే దీనిని అన్నిటికంటే ముందు పెడుతున్నాను. ఉబుంటు కొత్త కెర్నెల్‌ను తెచ్చినప్పుడు పాతదాన్ని వెంటనే తీసేయదు. యంత్రాన్ని పాత కెర్నెల్‌తో లేపి చూస్తే, లోపం కొత్త అప్‌డేట్‌లో ఉందా లేక ఇంకెక్కడైనా ఉందా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

యంత్రాన్ని ఆన్ చేసి, కంపెనీ గుర్తు తెర మీద కనిపించి పోతుండగా ఎస్కేప్ మీటను ఒక్కసారి నొక్కండి. పాత తరహా బయోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో దానికి బదులు షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకోవాలి. ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ అనే జాబితా వస్తుంది. తొందరపడి ఎస్కేప్‌ను నాలుగైదు సార్లు నొక్కితే జాబితాకు బదులు ‘గ్రబ్>’ అన్న ఖాళీ పంక్తి వస్తుంది. అప్పుడు కంగారు పడనక్కరలేదు, ‘రీబూట్’ అని కొట్టి మళ్లీ ప్రయత్నించండి. జాబితాలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అన్న వరుసలోకి వెళ్తే కెర్నెళ్లు సంఖ్యలతో సహా కనిపిస్తాయి. పైనున్నది కొత్తది, దాని కిందిది పాతది. ‘రికవరీ మోడ్’ అన్న మాట లేని పాత వరుసను ఎంచుకోండి.

పాత కెర్నెల్‌తో తెర, శబ్దం రెండూ సక్రమంగా వస్తే మీ హార్డ్‌వేర్ క్షేమంగా ఉన్నట్లే. ‘యూనేమ్ -ఆర్’ అని కొట్టి, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. లోపం సరిచేసే వరకు ఈ పాత కెర్నెల్‌తోనే పని చేసుకోవచ్చు. పాత కెర్నెల్‌తోనూ ఏదీ బాగుపడకపోతే, మీరు వాడే లినక్స్ రకాన్నే (ఉబుంటు, మింట్ వంటిది) పెన్‌డ్రైవ్‌పై ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ పద్ధతిలో నడిపి చూడండి. అక్కడ పాట వినిపిస్తే లోపం మీ ఇన్‌స్టలేషన్‌లోని అమరికల్లో ఉంది. పెన్‌డ్రైవ్‌తోనూ, విండోస్ కూడా ఉన్న యంత్రమైతే దానిలోనూ శబ్దం రాకపోతే అప్పుడు స్పీకర్‌ను, దాని తీగను అనుమానించడం న్యాయం.

సగంలో ఆగిన అప్‌డేట్‌ను పూర్తి చేయడం

తెర పూర్తిగా నల్లగా ఉన్నా లోపల వ్యవస్థ బతికే ఉండవచ్చు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడింటినీ కలిపి నొక్కితే అక్షరాలు మాత్రమే ఉండే లాగిన్ కనిపిస్తుంది. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లండి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా పడవు, అది మామూలే.

ముందుగా ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి, ‘/’ గుర్తు ఉన్న వరుసలోనూ, విడిగా ఉంటే ‘/బూట్’ వరుసలోనూ ఎంత ఖాళీ ఉందో చూడండి. ‘/బూట్’ నిండిపోయి కొత్త కెర్నెల్ సగంలో ఆగడం చాలా తరచుగా జరిగే విషయం. తర్వాత ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ అన్న ఆదేశం ఇవ్వండి. సుడో అంటే ఆ పనిని అడ్మిన్ హక్కులతో చేయమనడం. అమరిక పూర్తికాని ప్యాకేజీలన్నిటినీ ఇది మళ్లీ అందుకుని పూర్తి చేస్తుంది. ఆ వెంటనే ‘సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ ఇస్తే తగ్గిన ప్యాకేజీలను తెచ్చుకుంటుంది. ‘/బూట్’ నిండి ఉంటే ‘సుడో ఏపీటీ ఆటోరిమూవ్’ పాత కెర్నెళ్లను తీసి చోటు చేస్తుంది. అది ఏమేమి తీసేస్తానంటుందో చదివిన తర్వాతే వై అక్షరం నొక్కండి.

అప్‌డేట్‌లో ఏమి మారిందో తెలుసుకోవడానికి ‘లెస్ /వార్/లాగ్/ఏపీటీ/హిస్టరీ.లాగ్’ తెరవండి. పెద్ద జీ అక్షరం నొక్కితే ఫైలు చివరికి వెళ్తుంది. అక్కడ తేదీతో సహా ఏ ప్యాకేజీ ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్యకు మారిందో ఉంటుంది. సమస్య మొదలైన రోజునే లినక్స్-ఇమేజ్ (కెర్నెల్ ప్యాకేజీ పేరు ఇదే), ఎన్‌విడియా, మెసా (గ్రాఫిక్స్ లైబ్రరీ), ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కే చిన్న సాఫ్ట్‌వేర్) అన్న పేర్లలో ఏది కనిపిస్తుందో గమనిస్తే దారి సగం తెలిసిపోతుంది.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్ కథ ఇక్కడే తేలింది. డీపీకేజీ ఆదేశం ఇవ్వగానే పదకొండు ప్యాకేజీలు ఒకదాని వెంట ఒకటి కుదురుకున్నాయి. వాటిలో ‘లినక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా’ అన్న పేరును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. ఉబుంటు 22.04, 24.04 వంటి వెర్షన్లలో చాలా ధ్వని డ్రైవర్లు, వైఫై డ్రైవర్లు ఇందులోనే ఉంటాయి. కెర్నెల్ ఎక్కి, దాని జతగా ఇది ఎక్కకపోతే, యంత్రం లేస్తుంది గానీ శబ్దమూ వైఫైయీ రెండూ ఒకేసారి మాయమవుతాయి. ఆ రెండూ కలిసి పోయాయంటే మొదట దీన్నే వెతకండి.

తెర సంగతి: ఏ డ్రైవర్ నడుస్తోంది

‘ఎల్ఎస్‌పీసీఐ -కే’ అని కొడితే యంత్రంలోని పరికరాల జాబితా, ఒక్కొక్కదాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరుతో సహా వస్తుంది. ‘వీజీఏ’ లేదా ‘3డీ కంట్రోలర్’ అన్న మాటలున్న వరుసలను చూడండి. వాటి కింద ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న చోట ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఐ915, కొత్త ఇంటెల్ చిప్‌లలో ఎక్స్ఈ, ఏఎమ్‌డీకి ఏఎమ్‌డీజీపీయూ, ఎన్‌విడియాకు ఎన్‌విడియా (కంపెనీ ఇచ్చే డ్రైవర్) లేదా నోవో (కెర్నెల్‌తో పాటే వచ్చే డ్రైవర్) అన్న పేరు ఉండాలి. ఆ వరుసే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదని అర్థం. అక్షరాలు లావుగా, తెర మసకగా కనిపించడానికి అదే కారణం.

ఇంటెల్, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు కెర్నెల్‌లోనూ మెసా అనే లైబ్రరీలోనూ ఉంటాయి కాబట్టి విడిగా తెచ్చి ఎక్కించాల్సింది ఏమీ ఉండదు. కెర్నెల్, ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీ, మెసా మూడూ తాజాగా ఉంటే సాధారణంగా అంతే. తెర బాగానే ఉన్నా వీడియోలు ఆగి ఆగి నడుస్తూ ఫ్యాన్ హోరెత్తుతుంటే ‘మెసా-యుటిల్స్’ ప్యాకేజీ ఎక్కించి ‘జీఎల్ఎక్స్‌ఇన్ఫో -బీ’ కొట్టండి, ఇక్కడ బీ పెద్ద అక్షరం. రెండరర్ అన్న చోట ‘ఎల్ఎల్‌వీఎమ్‌పైప్’ అని వస్తే గ్రాఫిక్స్ చిప్ పని చేయడం లేదని, ఆ భారమంతా ప్రాసెసర్ మోస్తోందని తెలుసుకోవాలి. అనంతపురం ఎండల్లో అలాంటి యంత్రాన్ని ఒళ్లో పెట్టుకోవడం కూడా కష్టం.

ఎన్‌విడియా విషయం కొంచెం పెద్దది. దాని మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్క) ప్రతి కెర్నెల్‌కూ విడిగా సరిపోవాలి. కొన్ని పద్ధతుల్లో డీకేఎంఎస్ అనే సాధనం కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ దాన్ని మీ యంత్రం మీదే మళ్లీ తయారు చేస్తుంది, అందుకు ఆ కెర్నెల్ తాలూకు ‘లినక్స్-హెడర్స్’ ప్యాకేజీ తప్పనిసరి. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొట్టి, ఎన్‌విడియా పక్కన కొత్త కెర్నెల్ సంఖ్యకు ఎదురుగా ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కెర్నెల్‌కు హెడర్స్ ఎక్కించి, ‘సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ -కే’ తర్వాత ఆ కొత్త కెర్నెల్ పూర్తి సంఖ్య ఇవ్వండి.

డ్రైవర్‌నే మళ్లీ ఎక్కించాల్సి వస్తే ‘ఉబుంటు-డ్రైవర్స్ డివైసెస్’ కొట్టండి. మీ కార్డుకు సరిపోయే డ్రైవర్లలో ఒకదాని పక్కన ‘రికమెండెడ్’ అని ఉంటుంది. ‘సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్’ దాన్నే ఎక్కిస్తుంది. ఎన్‌విడియా సైటు నుంచి ‘.రన్’ ఫైలు దించుకుని ఎక్కించడం వద్దని గట్టిగా చెబుతాను. అలా వచ్చిన డ్రైవర్ ప్యాకేజీల లెక్కలోకి రాదు, కెర్నెల్ మారగానే పాతదీ కొత్తదీ ఒకదాని మీద ఒకటి పడి, చివరికి ఎవరు ఏమి పెట్టారో తెలియని స్థితి వస్తుంది. పాత ల్యాప్‌టాప్ కొనుక్కున్నవారు మరో సంగతి చూసుకోవాలి: కెప్లర్ తరం కార్డులు 470 వరుస డ్రైవర్ దగ్గర, ఫెర్మీ తరం కార్డులు 390 వరుస దగ్గర ఆగిపోయాయి. వాటికి అంతకంటే కొత్త సంఖ్య ఎక్కిస్తే కార్డును గుర్తించదు. అలాంటి కార్డులకు నోవో డ్రైవర్‌తో సరిపెట్టుకోవడమే నెమ్మది.

‘ఎన్‌విడియా-ఎస్ఎమ్ఐ’ కొట్టినప్పుడు డ్రైవర్‌కూ లైబ్రరీకీ సంఖ్యలు కుదరడం లేదని, ‘వెర్షన్ మిస్‌మ్యాచ్’ అని వస్తే డ్రైవర్ పాడైందనుకోకండి. అప్‌డేట్ జరిగింది, మెమరీలో పాత మాడ్యూల్ ఇంకా నడుస్తోంది, అంతే. ఒకసారి రీబూట్ చేస్తే చాలు.

సెక్యూర్ బూట్ గురించి ఆగి చదవండి, ఎందుకంటే అన్నీ సరిగ్గా చేసిన తర్వాత కూడా జనం ఓడిపోయేది ఇక్కడే. ‘మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ కొడితే అది ఆన్‌లో ఉందో లేదో చెబుతుంది. ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. డీకేఎంఎస్ తయారు చేసిన మాడ్యూల్‌కు మీ యంత్రమే సంతకం చేస్తుంది గానీ, ఆ సంతకం మీదేనని మీరు ఒకసారి ఒప్పుకోవాలి. అందుకే డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీబూట్ చేయగానే నీలం రంగు తెర వచ్చి, ఏదైనా మీట నొక్కమని పది సెకన్లు మాత్రమే ఎదురుచూస్తుంది. ఆ పది సెకన్లలో టీ తెచ్చుకోవడానికి వంటింట్లోకి వెళ్లినవారు ఎందరో. మీట నొక్కి ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇచ్చి, రీబూట్ చేయాలి. ఆ తెర దాటిపోయి ఉంటే ‘సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ’ ఇచ్చి మళ్లీ రీబూట్ చేస్తే తిరిగి వస్తుంది.

అక్షరాల లాగిన్ కూడా రానంతగా తెర నల్లబడితే గ్రబ్ జాబితాలో ఉబుంటు వరుస మీద నిలిచి ‘ఈ’ అక్షరం నొక్కండి. ‘లినక్స్’ అన్న మాటతో మొదలయ్యే పంక్తి చివర ఒక ఖాళీ వదిలి ‘నోమోడ్‌సెట్’ చేర్చి, ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, మరమ్మతు చేయడానికి మాత్రమే పనికొస్తుంది. దీన్ని శాశ్వతంగా పెట్టేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ ఎప్పటికీ సరిగ్గా ఎక్కదు.

శబ్దం: కింది నుంచి పైకి

శబ్దం ఒక చిప్ నుంచి మీ చెవి దాకా వచ్చే లోపు నాలుగైదు అంతస్తులు దాటుతుంది. అడుగున కెర్నెల్ డ్రైవర్, కొన్ని యంత్రాల్లో దానికి తోడు ఫర్మ్‌వేర్, ఆ పైన ఆల్సా (సౌండ్ కార్డుతో మాట్లాడే లినక్స్ పొర), ఆ పైన పైప్‌వైర్ లేదా పల్స్‌ఆడియో (ప్రోగ్రాముల శబ్దాన్ని కలిపి పంపే సేవ), అన్నిటికీ పైన మీ బ్రౌజర్. ఉబుంటు 22.04 దాకా పల్స్‌ఆడియో, 22.10 నుంచి పైప్‌వైర్ ఈ బాధ్యత చూస్తున్నాయి. ఏ అంతస్తులో ఆగిందో తెలియకుండా పై నుంచి వాల్యూమ్ పెంచుతూ పోతే ఫలితం ఉండదు.

‘ఏప్లే -ఎల్’ కొట్టండి, ఇక్కడ ఎల్ చిన్న అక్షరమే. సౌండ్ కార్డుల జాబితా వస్తే డ్రైవర్ పని చేస్తోంది, లోపం పైనుంది. కార్డులే లేవని వస్తే, లేదా సెట్టింగ్స్‌లో ‘డమ్మీ అవుట్‌పుట్’ అన్న మాట ఒక్కటే కనిపిస్తే లోపం అడుగునే ఉంది.

జాబితా వచ్చిందనుకుందాం. అందులో ‘హెచ్‌డీఎమ్ఐ’ అన్న పేర్లు కూడా ఉంటాయి. తీగ లాగితే డొంకంతా కదిలినట్లు, గ్రాఫిక్స్ డ్రైవర్ మారితే శబ్దం దారి తప్పడానికి కారణం ఇదే: హెచ్‌డీఎమ్ఐ తీగలో బొమ్మతో పాటు శబ్దం కూడా వెళ్తుంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డు తనకంటూ ఒక సౌండ్ కార్డును తెచ్చుకుంటుంది. కొత్త డ్రైవర్ ఎక్కిన తర్వాత వ్యవస్థ దాన్నే ప్రధానమైనదిగా ఎంచుకుంటే, పాట తగిలించి లేని టీవీకి వెళ్తూ ఉంటుంది, ల్యాప్‌టాప్ స్పీకర్ మౌనంగా ఉంటుంది. సెట్టింగ్స్‌లోని సౌండ్ పేజీలో అవుట్‌పుట్‌ను స్పీకర్లకు మార్చండి. పైప్‌వైర్ ఉన్న యంత్రంలో టెర్మినల్ నుంచైతే ‘డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్’ కొట్టి, ‘సింక్స్’ కింద స్పీకర్ పక్కనున్న సంఖ్యను చూసి, ‘డబ్ల్యూపీసీటీఎల్ సెట్-డిఫాల్ట్’ తర్వాత ఆ సంఖ్య ఇవ్వండి. జాబితాలో నక్షత్రం గుర్తు ఆ వరుసకు మారితే పని అయినట్లే.

అప్పటికీ వినిపించకపోతే ‘ఆల్సామిక్సర్’ తెరిచి, ఎఫ్6 నొక్కి, మీ అసలు సౌండ్ కార్డును ఎంచుకోండి. ‘మాస్టర్’, ‘స్పీకర్’ నిలువు పట్టీల అడుగున ‘ఎమ్ఎమ్’ అని ఉంటే అవి మూసి ఉన్నట్లు. ఎమ్ మీట నొక్కితే తెరుచుకుంటాయి. కుడివైపు జరుగుతూ పోతే ‘ఆటో-మ్యూట్ మోడ్’ కనిపిస్తుంది. హెడ్‌ఫోన్ తగిలించగానే స్పీకర్‌ను ఆపేది ఇదే. మన ఊళ్లలో ఎర్రదుమ్ము హెడ్‌ఫోన్ రంధ్రంలోకి చేరి, లోపలి చిన్న రేకు కదలకుండా ఇరుక్కుంటే, ఏమీ తగిలించకపోయినా హెడ్‌ఫోన్ ఉందనే వ్యవస్థ నమ్ముతుంది. పావుకంట్రోల్ అనే సాధనంలోని అవుట్‌పుట్ పేజీలో హెడ్‌ఫోన్స్ పక్కన ‘ప్లగ్డ్ ఇన్’ అని ఉంటే అనుమానం నిజమే. హెడ్‌ఫోన్ పిన్నును మెల్లగా ఐదారు సార్లు పెట్టి తీసి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల మాత్రం లోపల పెట్టకండి.

మిక్సర్‌లో అన్నీ తెరిచి ఉన్నా శబ్దం లేకపోతే పైప్‌వైర్‌ను తిరిగి మొదలుపెట్టండి: ‘సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ వైర్‌ప్లంబర్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్’. దీనికి ముందు సుడో పెట్టకూడదు, ఎందుకంటే ఇవి మీ లాగిన్ కింద నడిచే సేవలు. తర్వాత ‘స్పీకర్-టెస్ట్ -సీ 2 -టీ వేవ్’ ఇస్తే ఎడమ, కుడి స్పీకర్ల పేర్లను ఇంగ్లీషులో పలుకుతుంది. కంట్రోల్, సీ నొక్కి ఆపవచ్చు.

ఇక కార్డులే కనిపించని పరిస్థితి. సుమారు 2019, 2020 తర్వాత వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లోపలి మైకు డిజిటల్ రకం. వాటికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనేది కావాలి. ‘సుడో డీమెసేజ్’ అని పలికే ఆదేశాన్ని డీ, ఎమ్, ఈ, ఎస్, జీ అక్షరాలతో కొట్టి, వచ్చిన వరుసల్లో ‘ఎస్ఓఎఫ్’ అన్న అక్షరాల కోసం చూడండి. ఫర్మ్‌వేర్ పేరు పక్కన ‘ఎర్రర్ -2’ ఉంటే ఆ ఫైలు డిస్కులో దొరకలేదని అర్థం. డెబియన్, ఉబుంటులలో ‘ఫర్మ్‌వేర్-సోఫ్-సైన్డ్’ ప్యాకేజీని, ఫెడోరాలో ‘ఆల్సా-సోఫ్-ఫర్మ్‌వేర్’ ప్యాకేజీని ఎక్కించి రీబూట్ చేయండి. అయినా రాకపోతే చివరి ప్రయత్నంగా ‘/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ’ ఫోల్డర్‌లో ‘.కాన్ఫ్’తో ముగిసే కొత్త ఫైలులో ‘ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ_ఇంటెల్_డీఎస్‌పీసీఎఫ్‌జీ డీఎస్‌పీ_డ్రైవర్=1’ అన్న ఒక్క పంక్తి రాసి రీబూట్ చేస్తే పాత పద్ధతి డ్రైవర్ ఎక్కుతుంది. స్పీకర్ వస్తుంది గానీ లోపలి డిజిటల్ మైకు పని చేయదు. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటర్వ్యూలు ఉన్నవారు ఈ నష్టం తెలిసే చేయాలి.

పాట మొదలైన ప్రతిసారీ ‘టప్’మని చప్పుడు రావడం, మొదటి మాట మింగేయడం కనిపిస్తే చిప్ విద్యుత్ ఆదా కోసం నిద్రపోతోందన్నమాట. అదే ఫోల్డర్‌లో ‘ఆప్షన్స్ ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0’ అని రాస్తే ఆగుతుంది. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది.

ఇవన్నీ చేసినా కొత్త కెర్నెల్‌తో శబ్దం రాక, పాతదానితో మాత్రమే వస్తుంటే, అది కెర్నెల్‌లోని లోపమే. పాత కెర్నెల్ ప్యాకేజీ పూర్తి పేరుతో ‘సుడో ఏపీటీ-మార్క్ హోల్డ్’ ఇస్తే ఆటోరిమూవ్ దాన్ని తీసేయదు. తర్వాత ‘ఆల్సా-ఇన్ఫో’ నడిపి, ఇంటర్నెట్‌లోకి ఎక్కించాలా అని అడిగితే వద్దని చెప్పి, అది తయారు చేసిన ఫైలును దాచుకోండి. ‘ఉబుంటు-బగ్ లినక్స్’ ఆదేశంతో ఫిర్యాదు తెరిచి, ఆ ఫైలును జతచేసి, పని చేసిన కెర్నెల్ సంఖ్యనూ పని చేయని కెర్నెల్ సంఖ్యనూ రెండింటినీ రాయండి. మొదటి పరీక్షలో కాగితం మీద రాసుకున్న సంఖ్య ఇక్కడ అక్కరకొస్తుంది, ఆ రెండు సంఖ్యల మధ్య జరిగిన మార్పుల్లోనే డెవలపర్లు మీ ల్యాప్‌టాప్ లోపాన్ని వెతుకుతారు.